రొయ్యల గుంటల దగ్గర ఆరుబయట వదిలే ఏటీవీ – దొంగల నుంచి ఎట్లా కాపాడుకోవాలి?

గుంటగట్టు (విడవలూరు మండలం) – శనివారం, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. నేను సముద్రం వైపు తొమ్మిది రొయ్యల గుంటలు చేస్తున్నాను. నాలుగు సొంతం, ఐదు లీజు. గట్ల మీద మేత బస్తాలు మోయడానికి రెండేళ్ల కింద సెకండ్‌హ్యాండ్‌లో ఒక ఏటీవీ (బైకు లాంటి హ్యాండిల్, నాలుగు లావు చక్రాలు ఉండే బండి) కొన్నాను, 250 సీసీ, కార్బురేటర్ బండి. వెనక చిన్న ట్రాలీ తగిలిస్తే ఒక విడతకి ఆరు బస్తాలు పోతాయి. ఇది రాకముందు మా వాళ్లు 25 కిలోల బస్తా భుజాన వేసుకుని రోజుకి నాలుగు మేతలకీ తిరిగేవాళ్లు. అందుకే నాకు ఇది సరదా బండి కాదు, పనిముట్టు.

మొన్న గురువారం తెల్లవారుజామున రెండున్నరకి దాన్ని ఎత్తుకుపోబోయారు. జనరేటర్ షెడ్డు పక్కన పెట్టి ముందు బంపర్‌కి గొలుసు వేసి తాళం వేస్తాం. గొలుసు కోసి, న్యూట్రల్‌లో పెట్టి, గట్టు వెంట దాదాపు 200 మీటర్లు తోసుకుంటూ పోయారు. ఆ రాత్రి జల్లు పడింది కాబట్టి గట్టు జారింది, ఒక పక్క చక్రాలు కాలువలోకి దిగిపోయాయి. కుక్క అరిస్తే మా కాపలా తాత టార్చి వేసుకుని వచ్చాడు. అప్పటికే వాళ్లు పరిగెత్తారు. రోడ్డు మీద ఒక పికప్ బండి లైట్లు లేకుండా కదిలిందంట. తాతకి 68 ఏళ్లు. ఒక్కడే ఉన్నాడు. ఆయన మీద చెయ్యి చేసుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే రెండు రోజులుగా నిద్ర పట్టడం లేదు.

షెడ్డు లోపల చోటు లేదు, జనరేటర్, డీజిల్, మేత ఉంటాయి. ఇల్లు ఆరు కిలోమీటర్లు, పైగా దీన్ని రోడ్డెక్కించకూడదు. ఆరుబయటే ఉండాలి. 15 వేల లోపు ఏం చేస్తే గట్టిగా ఉంటుంది? చేసి చూసినవాళ్లు చెప్పండి.

---

స్టోన్‌హౌస్‌పేట (నెల్లూరు) – శనివారం, రాత్రి 9.25

అన్నా, జీపీఎస్ పెట్టించు. సిమ్ వేసేది మూడు వేలలోపే దొరుకుతుంది. బండి కదిలితే ఫోన్ మోగుతుంది. ఇంకేం అవసరం లేదు.

---

కావలి_వైరింగ్ – శనివారం, రాత్రి 10.05

తమ్ముడు చెప్పింది మంచిదే గానీ అదొక్కటే చాలదు. ఫోన్ మోగేసరికి మీరు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంటారు. పికప్ ఎక్కితే అరగంటలో హైవే మీదికి, అక్కడి నుంచి చెన్నై వైపో ఒంగోలు వైపో. ట్రాకర్ పోయినదాన్ని వెతకడానికి, పోకుండా ఆపడానికి కాదు. రెండూ వేరు.

నేను 14 ఏళ్లుగా ట్రాక్టర్లకి, జేసీబీలకి వైరింగ్ చేస్తున్నాను. జీపీఎస్ కొనేవాళ్లకి నేను చెప్పే విషయాలు ఇవి. చవక ట్రాకర్లు చాలావరకు 2జీ మీద పనిచేస్తాయి. వాటిలో జియో సిమ్ వేస్తే ఏమీ రాదు, జియోకి 2జీ లేదు. మీ గట్టు మీద ఏ సిగ్నల్ ఉందో ముందు మీ ఫోన్‌తో నిలబడి చూసుకుని ఆ సిమ్ తీసుకోండి. ట్రాకర్ ఇనుప డబ్బాలో పెడితే ఆకాశం కనపడదు, ప్లాస్టిక్ బాడీ కింద పెట్టాలి. సీటు ఎత్తగానే కనపడే చోట మాత్రం వద్దు, దొంగ మొదట చూసేది అక్కడే. లోపల సొంత బ్యాటరీ ఉన్నదే కొనండి, లేకపోతే బండి బ్యాటరీ వైరు పీకగానే చచ్చిపోతుంది. ఇంకొకటి, బండి నెల రోజులు కదపకుండా ఉంటే ట్రాకర్ బండి బ్యాటరీని తాగేస్తుంది. పంటకీ పంటకీ మధ్య వారానికొకసారి స్టార్ట్ చేసి కాసేపు నడపండి.

చాలామంది ఎయిర్‌ట్యాగ్ (ఆపిల్ కంపెనీ చిన్న ట్రాకర్ బిళ్ల) గురించి అడుగుతారు. అది చుట్టుపక్కల ఉన్న ఐఫోన్ల మీద ఆధారపడుతుంది. నెల్లూరు ట్రంకు రోడ్డులో పనిచేస్తుంది, రొయ్యల గుంటల మధ్య ఎవరి ఐఫోన్ ఉంటుంది? పైగా తెలియని ట్యాగ్ వెంట వస్తోందని దొంగ ఫోన్‌కే కబురు పోతుంది.

మీది కార్బురేటర్ అన్నారు. చాలా కార్బురేటర్ బండ్లలో సీడీఐ (స్పార్క్ పుట్టించే పెట్టె) నుంచి కిల్ స్విచ్‌కి, అంటే ఇంజిన్ ఆపే స్విచ్‌కి, ఒక వైరు వస్తుంది. దాన్ని బాడీకి ఎర్త్ చేస్తే స్పార్క్ రాదు. ఆ వైరుకి ఇంకో పాయ కలిపి, ఎవరికీ తట్టని చోట చిన్న స్విచ్ పెట్టుకుంటే తాళం చెవి దొరికినా బండి స్టార్ట్ కాదు. ఖర్చు 200 కూడా కాదు. అన్నిటికన్నా బాగున్న విషయం, ఈ పద్ధతిలో మీరు పెట్టిన వైరు ఎప్పుడైనా తెగినా బండి నడుస్తూనే ఉంటుంది, గట్టు మీద మధ్యలో ఆగిపోదు. ఇంజెక్షన్ బండ్లకి పెట్రోలు పంపు రిలే దగ్గర చేస్తారు. అక్కడ జాయింటు వదులైతే నడుస్తుండగా ఆగిపోతుంది, అందుకని సోల్డర్ చేసి స్లీవ్ వేయించాలి. ఉప్పుగాలికి మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు ఆరు నెలలు నిలవదు.

కానీ మీ దొంగలు స్టార్ట్ చేయలేదు కదా, తోసుకుపోయారు. కాబట్టి స్విచ్ కూడా సగం పనే.

---

బుచ్చి_బండి (బుచ్చిరెడ్డిపాళెం) – శనివారం, రాత్రి 10.30

ఇన్ని ఎందుకు, షెడ్డులో కరెంటు ఉంది కదా. రాత్రి పూట బండి చుట్టూ ఒక వైరు తిప్పి ఫేజ్ ఇచ్చేయండి. ముట్టుకున్నోడు మళ్లీ జన్మలో రాడు.

---

మామిడితోట (ఉలవపాడు) – శనివారం, రాత్రి 10.41

తమ్ముడూ, ఆ మాట వెనక్కి తీసుకో. మా పక్క ఊర్లో అడవి పందులకని పొలం చుట్టూ తీగ పెట్టి కరెంటు ఇచ్చారు. తెల్లవారి నీళ్లు కట్టడానికి పోయిన మనిషి అక్కడే పడిపోయాడు. ఆయన కూతురు అప్పుడు ఇంటర్ చదువుతోంది. తీగ పెట్టిన మనిషి కూడా చెడ్డవాడు కాదు, పంట కోసం పెట్టుకున్నాడు. రెండిళ్లూ పోయాయి.

రొయ్యల గుంట దగ్గర అంతా తడి నేల. మొదట తగిలేది దొంగకి కాదు, ఆ కాపలా తాతకి, మేత వేసే పిల్లలకి, ఆ కుక్కకి. బండి పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు.

---

అడ్మిన్ – శనివారం, రాత్రి 10.50

కరెంటు తీగల సలహాలు ఈ వేదికలో వద్దు. అది నేరం కూడా. ఆ పోస్టు తీసేయకుండా ఉంచుతున్నాం, కింద అక్క రాసిన జవాబు అందరూ చదవాలని.

---

బుచ్చి_బండి – శనివారం, రాత్రి 11.02

అక్కా, తప్పే. ఆలోచించకుండా రాశాను. మనిషి ప్రాణం సంగతి నాకు తట్టలేదు. క్షమించండి.

---

చీమకుర్తి_రాయి – ఆదివారం, ఉదయం 6.20

గుంటగట్టు గారూ, మీ బండి పోబోవడానికి గొలుసు ఒక్కటే కారణం కాదు. మీరు బంపర్‌కి కట్టారు. బంపర్ అంటే నాలుగు బోల్టులు. గొలుసు తెగకపోతే బంపర్ ఊడదీసేవాళ్లు. చక్రానికి కట్టినా అంతే, నాలుగు నట్లు విప్పితే చక్రం మీకు, బండి వాళ్లకు. గొలుసు ఫ్రేము పైపు లోపలి నుంచి పోవాలి. సీటు కింద, ఫుట్‌రెస్ట్ పైన ప్రధాన ఫ్రేము పైపులు కనిపిస్తాయి, ఇంజిన్‌ని మోసేవి. అక్కడ దూర్చి, వీలైతే అదే గొలుసుని వెనక చక్రం రిమ్ములోంచి కూడా తీయండి. అప్పుడు చక్రం తిరగదు, తోసుకుపోవడం ఉండదు.

రెండోది, దేనికి కట్టారు అన్నది. మా తాత ఒంగోలు గిత్తల్ని పెంచేవాడు. గిత్తని కొన్న రోజు పగ్గం కంటే ముందు గుంజ సంగతి చూసేవాడు. ఎంత లోతు పాతాం, ఎంత గట్టి చేవ కర్ర అని. మనం బండికి మంచి గొలుసు కొని షెడ్డు రేకుల పైపుకి కడతాం. ఆ పైపు రెండు దెబ్బలకి ఊడుతుంది.

మీది ఇసుక కలిసిన నేల కాబట్టి ఇనుప మేకులు, స్క్రూ పద్ధతి యాంకర్లు నిలవవు. గుంత తవ్వి కాంక్రీటు దిమ్మె పోయండి. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు అంటే ఎనిమిది ఘనపుటడుగులు. దగ్గర దగ్గర 540 కిలోలు తూగుతుంది. సిమెంటు ఒకటిన్నర బస్తా చాలు. లోపల 12 మి.మీ. కడ్డీలతో చిన్న పంజరం కట్టి, 20 మి.మీ. రాడ్డుని యు ఆకారంలో వంచి, దాని కాళ్లు రెండూ కింద బయటికి మడిచి ఆ పంజరానికి వెల్డింగ్ చేయించండి. పైన గొలుసు దూరేంత మాత్రమే కనపడాలి. ఎక్కువ బయటికి ఉంటే గడ్డపార దూర్చి తిప్పుతారు. పోశాక కనీసం వారం తడపండి. మూడో రోజే బండి కట్టేయకండి.

మా వైపు ఇంకో పద్ధతి ఉంది. క్వారీల్లో పనికిరాదని పక్కన పడేసిన గెలాక్సీ (నల్ల గ్రానైట్) రాళ్లు ఎన్నో. ఘనపుటడుగు 80 కిలోల పైమాటే. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న రాయి దాదాపు టన్ను. దానికి ఇటు నుంచి అటు బెజ్జం వేయించి, లావు రాడ్డు దూర్చి, కింద ప్లేటు, పైన రింగు వెల్డింగ్ చేయిస్తే తరతరాలకి ఉంటుంది. నేను నా కంప్రెసర్ ట్రాలీని అట్లాగే కట్టుకున్నాను. మీ దూరానికి కిరాయి కుదరదు గానీ ఒంగోలు చుట్టుపక్కల వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

గొలుసు సంగతి. కిరాణా పక్కన హార్డ్‌వేర్ కొట్లో కిలోల లెక్కన అమ్మేది మెత్తని ఇనుము, చేతి కట్టర్‌తో నిమిషం పట్టదు. క్రేన్లకి వాడే గ్రేడ్ 80 గొలుసు 13 మి.మీ. అడగండి. మీటరు నాలుగు కిలోల లోపు ఉంటుంది, మీకు రెండు మీటర్లు చాలు. మామూలు చేతి కట్టర్‌కి లొంగదు. బ్యాటరీ గ్రైండర్ తెచ్చుకుంటే తెగుతుంది, నిజం చెప్పాలి. ఏ గొలుసైనా గ్రైండర్‌కి తెగుతుంది. కానీ గ్రైండర్ చప్పుడు, నిప్పురవ్వలు కిలోమీటరు దూరం నుంచి తెలుస్తాయి. మీ తాత లేవడానికి, మీకు ఫోన్ చేయడానికి ఆ నిమిషాలు కావాలి.

గొలుసు నేల మీద పడి ఉండకూడదు. నేలకి ఆనించి కట్టర్ ఒక చెయ్యి తొక్కి పట్టుకుంటే బలం రెట్టింపు అవుతుంది, సుత్తి దెబ్బకీ వీలు. బిగుతుగా, గాల్లో ఉండేటట్టు కట్టండి.

---

గుంటగట్టు – ఆదివారం, ఉదయం 7.45

అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మా ఊళ్లో అందరూ పెద్ద తాళం కొను అన్నారు గానీ దేనికి కడుతున్నావ్ అని అడిగినవాళ్లు లేరు. దిమ్మె ఈ వారమే పోయిస్తాను.

ఒక అనుమానం. మా దగ్గర తాళాలు మూడు నెలలకే తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. నూనె పోస్తే ఇసుక అంటుకుంటుంది. దీనికి ఏం చేస్తారు?

---

కొత్తపట్నం_అలలు – ఆదివారం, మధ్యాహ్నం 3.15

దీనికి నేను చెప్తాను. మా బీచ్ దగ్గర శని ఆదివారాలు మూడు ఏటీవీలు తిప్పుతాను. ఉప్పు నాకు రోజూ ఉండే బాధ.

తాళంలో నూనె, గ్రీజు వద్దు. ఇసుక కలిసి లోపల ఆకురాయి లాగా అరగదీస్తుంది. గ్రాఫైట్ పొడి వేయండి. కొట్లో దొరక్కపోతే మెత్తటి పెన్సిలు ములుకు నూరి పోసినా పనిచేస్తుంది. తాళం చెవి బెజ్జం కిందికి ఉండేలా వేలాడాలి, వాన నీళ్లు నిలవవు. పాత సైకిల్ ట్యూబు కోసి తాళానికి తొడుగు వేయండి, మిగతాది గొలుసుకి ఎక్కించండి. బండికి గీతలు పడవు, గొలుసుకి ఉప్పు తగలదు. వారానికొకసారి మంచినీళ్లతో గొలుసు కడిగి ఆరబెట్టండి. తాళం కొనేటప్పుడు కొక్కెం చుట్టూ ఇనుము కప్పి ఉన్న రకం అడగండి, కట్టర్ మూతి దూరడానికి సందు ఉండదు. మెత్తటిదో గట్టిదో తెలియాలంటే ఆకురాయితో ఒక మూల రుద్దండి. మెత్తనిదైతే ఇట్టే కొరుకుతుంది, గట్టిపరిచినదైతే జారిపోతుంది. కొట్టువాడు రుద్దనివ్వకపోతే ఇంకో కొట్టుకి పోండి.

రాత్రి దొంగల గురించే అందరూ రాశారు. నాకు ఒక బండి పోబోయింది పట్టపగలు. కార్తీక పౌర్ణమి నాడు తెల్లవారుజాము నుంచే సముద్ర స్నానానికి జనం. దీపాలు వదిలేవాళ్లు, పిల్లలు, ఆటోలు, కాలు పెట్టే చోటు లేదు. ఒకడు వచ్చి 20 నిమిషాలకి డబ్బులు కట్టి, మా కుర్రాడు ఇంకొకరికి చిల్లర ఇచ్చేలోపు పాకల మధ్య నుంచి రోడ్డెక్కి పోయాడు. పెట్రోలు తక్కువ పోసే అలవాటు ఉంది కాబట్టి రెండు కిలోమీటర్లకి ఆగిపోయింది. అప్పటి నుంచి రెండు పద్ధతులు. ట్యాంకులో ఆ పూటకి సరిపడా పెట్రోలే. తాళం చెవి ఎప్పుడూ బండికి ఉండదు, మా ఆవిడ మెడలో తాడుకి ఉంటుంది.

చెవి గురించి ఇంకో మాట. చవక బండ్ల చెవులు అన్నీ ఒకే తీరు. నా బండి మా బావమరిది పాత మోపెడ్ చెవితో ఆన్ అయింది. నమ్మకపోతే మీరూ ఇంట్లో ఉన్న పాత చెవులు పెట్టి చూడండి. అందుకే కావలి అన్న చెప్పిన దొంగ స్విచ్ తప్పనిసరిగా పెట్టించండి.

రాత్రికి మూడు బండ్లనీ ముఖాలు లోపలికి తిప్పి, ఒకే గొలుసు మూడు ఫ్రేముల్లోంచి తీసి కడతాను. ఒకదాన్ని ఎత్తాలంటే మూడూ ఎత్తాలి.

---

పాకల_కుర్రోడు (సింగరాయకొండ) – ఆదివారం, సాయంత్రం 5.40

ఇవన్నీ బాగున్నాయి గానీ అసలు సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. అర్ధరాత్రి వచ్చి షెడ్డు పక్కన ఉందని తెలిసి, గొలుసు ఎక్కడుందో తెలిసి కోశారంటే లోపలివాళ్లే చెప్పారు. గుంటల దగ్గర బయటి రాష్ట్రాల కూలీలు ఉంటారు కదా. వాళ్లని ముందు అడగండి.

---

గుంటగట్టు – ఆదివారం, సాయంత్రం 6.05

తమ్ముడూ, మా దగ్గర ఒడిశా వాళ్లు నలుగురు ఉన్నారు. ఆ రాత్రి బండిని కాలువలోంచి పైకి లాగింది వాళ్లే, మోకాలు లోతు బురదలో. ఒకడికి గాజుపెంకు గుచ్చుకుని కాలు తెగింది. వాళ్లని అనుమానించే మాట నా నోట రాదు. రొయ్యలు కొనేవాళ్లు, మేత డీలరు మనుషులు, ఐస్ బండి వాళ్లు, ఏరేటర్ మెకానిక్కులు, రోజుకి 20 మంది ఆ షెడ్డు పక్క నుంచి పోతారు. బండి అందరికీ కనిపిస్తూనే ఉంది. తప్పు నాది, రోడ్డుకి కనపడేటట్టు పెట్టాను.

---

మామిడితోట – ఆదివారం, సాయంత్రం 6.30

మంచి మాట అన్నావు నాయనా. మా తోటలో మోటారు వైరు పోయినప్పుడు నేను తొందరపడి ఒక పిల్లవాడిని మాట అన్నాను. దొంగ వేరే ఊరివాడని మూడు వారాలకి తేలింది. ఆ పిల్లవాడు మళ్లీ మా తోటలో పనికి రాలేదు. ఇప్పటికీ మొహం చూడలేను.

రోడ్డుకి కనపడకుండా పెట్టమన్నది అందరూ పాటించాలి. నేను తోటలో మందు కొట్టడానికి వాడే ఏటీవీ మీద పాత యూరియా గోతాలు కుట్టిన పట్టా కప్పుతాను. కొత్త కవరు కప్పితే కింద ఖరీదైనదేదో ఉందని చెప్పినట్టు. ఇంకా, గిన్నికోళ్లు పెంచండి. రాత్రి కొత్త మనిషి అడుగు పడితే ఊరు లేపుతాయి. కుక్కకి మాంసం ముక్క వేసి నోరు మూయించొచ్చు, గిన్నికోడికి ఏం వేసినా ఊరుకోదు. గుంటల దగ్గర మేత బస్తాలు చింపుతాయేమో చూసుకోవాలి.

దారి కూడా చూసుకోండి. వాళ్లకి పికప్ దగ్గరికి రావాలి. మా తోట దారికి అడ్డంగా ఒకే ఒక ఇనుప పైపు గేటు పెట్టించాను, పక్కన కందకం. బండి రెండు వందల మీటర్ల దూరంలో ఆగిపోతే మూడొందల కిలోల యంత్రాన్ని ఎవరు మోసుకొస్తారు?

---

కావలి_వైరింగ్ – ఆదివారం, రాత్రి 8.50

కెమెరా గురించి ఎవరైనా అడుగుతారని చూస్తున్నాను. సోలార్ 4జీ కెమెరా పెట్టుకోవచ్చు, మూడు సంగతులు తెలుసుకుని. గుంటల మీద కొంగలు, కుక్కలు కదిలిన ప్రతిసారీ ఫోన్ మోగి, వారానికి మీరే నోటిఫికేషన్ ఆపేస్తారు. మనిషిని మాత్రమే గుర్తుపట్టే సెట్టింగ్ ఉన్నది తీసుకోండి. ఎత్తులో పెట్టండి, కానీ కరెంటు స్తంభానికి కట్టకండి. మూడోది, కెమెరాని నమ్ముకుని తుపాను రోజు నిద్రపోకండి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను అప్పుడు మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు, టవర్లు లేవు, సోలార్‌కి ఎండ లేదు. ఆ రోజుల్లో ఇనుము, కాంక్రీటు మాత్రమే మీ కాపలా.

బ్రిటన్‌లో రైతుల క్వాడ్ బైకుల (ఏటీవీల) దొంగతనాలు ఎక్కువై 2023లో దీనికోసం ప్రత్యేకంగా చట్టం చేశారు. కొత్త ఏటీవీ అమ్మేటప్పుడే ఇమ్మొబిలైజర్ (అసలు చెవి లేకుండా స్టార్ట్ కానివ్వని పరికరం), చెరపలేని గుర్తు ఉండాలన్నది దాని ఉద్దేశం. మన దగ్గర అది మనమే చేసుకోవాలి. అక్షరాల పంచ్ సెట్టుతో మీ ఇంటిపేరు, ఊరి పిన్‌కోడు ఫ్రేము మీద కనపడని రెండు చోట్ల కొట్టించండి. బండి విప్పి ముక్కలు అమ్మినా గుర్తు పోదు.

---

ఒంగోలు_వకీలు – సోమవారం, రాత్రి 7.30

గుంటగట్టు గారూ, నేను ఒంగోలులో ప్రాక్టీసు చేస్తున్నాను. మీరు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నానన్నారు. బిల్లు ఎవరి పేరున ఉంది? కంప్లైంట్ ఇచ్చారా?

---

గుంటగట్టు – సోమవారం, రాత్రి 7.48

మేడమ్, బిల్లు లేదు. బెంగళూరులో ఒక రిసార్ట్ వాళ్ల దగ్గర కొన్నాను. ఫోన్‌లో డబ్బు పంపిన రశీదు మాత్రమే ఉంది. బండి పోలేదు కదా అని కంప్లైంట్ ఇవ్వలేదు.

---

ఒంగోలు_వకీలు – సోమవారం, రాత్రి 8.20

అయితే గొలుసు కంటే ముందు ఇది చేయండి. మామూలు బైకు పోతే ఆర్సీ ఉంటుంది, నంబరు ప్లేటు ఉంటుంది. ఏటీవీల్లో చాలావాటికి రోడ్డు రిజిస్ట్రేషనే ఉండదు. అంటే ఆ బండి మీదని చెప్పడానికి బిల్లు, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు తప్ప వేరే ఆధారం లేదు. రేపు బండి దొరికి స్టేషన్‌లో ఉన్నా, కోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్పీసీ బదులు వచ్చిన చట్టం) 497 కిందో 503 కిందో విడిపించుకోవాలంటే యజమాని మీరేనని చూపాలి. నా దగ్గరికి వచ్చిన ఒకాయన బండి కళ్ల ముందు స్టేషన్ ఆవరణలో తుప్పు పడుతుంటే ఎనిమిది నెలలు తిరిగాడు, కాగితం లేక.

మీకు అమ్మినవాళ్లని అడిగి వాళ్ల అసలు బిల్లు కాపీ, మీకు అమ్మినట్టు సంతకంతో ఒక కాగితం, అందులో రెండు నంబర్లూ రాయించి తెప్పించుకోండి. ఛాసిస్ నంబరు సాధారణంగా ఫ్రేము పైపు మీద ముందు చక్రం దగ్గర చెక్కి ఉంటుంది, బురద కడిగి చూడండి. నంబర్లని, బండిని నాలుగు వైపుల నుంచి, గీతలు, సొట్టలు దగ్గర నుంచి ఫోటోలు తీసి మీ మెయిల్‌కి మీరే పంపుకోండి, తేదీ ఉంటుంది. వాళ్లు కాగితం ఇవ్వడానికి వెనకాడితే మీరు కొన్న బండి గురించే ఆలోచించాలి. దొంగ సొత్తని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణం ఉండి గానీ తీసుకుంటే బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 317 వర్తిస్తుంది. మీరట్లాంటివారు కాదని తెలుసు, కానీ తేల్చుకోవడం మీకే మంచిది.

బండి పోలేదని ఊరుకోవద్దు. దొంగతనానికి ప్రయత్నం కూడా నేరమే, బీఎన్‌ఎస్ 62 ఉంది. కోసిన గొలుసు ముక్కలు పడేయకండి, చేత్తో ఎక్కువ ముట్టుకోకుండా గోనె సంచిలో పెట్టి ఇవ్వండి. అదే ముఠా రేపు పక్క మండలంలో పట్టుబడితే మీ కంప్లైంట్ పనికొస్తుంది. ఇలాంటి నేరంపై సమాచారం ఎక్కడి స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. స్టేషన్‌లో కంప్లైంట్ తీసుకోం అంటే బీఎన్‌ఎస్‌ఎస్ 173 ప్రకారం ఎస్పీ గారికి రాతపూర్వకంగా పోస్టులో పంపొచ్చు. మళ్లీ రాత్రి చప్పుడైతే తాతని బయటికి వెళ్లొద్దనండి. తలుపు వేసుకుని 112 కి ఫోన్ చేయమనండి.

ఇన్సూరెన్స్ ఉందని ధీమాగా ఉండేవాళ్లకి కూడా చెప్తున్నాను. ఆర్సీ లేనిదానికి మామూలు మోటారు పాలసీ ఇవ్వరు. దుకాణాలకి, గోదాములకి తీసుకునే దొంగతనం పాలసీల్లో తాళం పగలగొట్టి లోపలికి చొరబడి ఉండాలన్న షరతు ఉంటుంది. ఆరుబయట పెట్టింది పోతే చాలా పాలసీల్లో రాదు. షరతుల కాగితం చదివించుకున్నాకే ప్రీమియం కట్టండి.

---

స్టోన్‌హౌస్‌పేట – సోమవారం, రాత్రి 9.00

మేడమ్ రాసింది చదివి ఇప్పుడే కిందికి దిగి నా బుల్లెట్ ఛాసిస్ నంబరు ఫోటో తీసుకొచ్చాను. ఆరేళ్లలో ఒక్కసారి కూడా తీయలేదు.

---

గుంటగట్టు – రెండు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 8.15

ఆలస్యమైంది, మేత పెంచే రోజులు కాబట్టి కూర్చోవడానికి తీరలేదు.

మొదట కాగితం. బెంగళూరు వాళ్లకి ఫోన్ చేస్తే మూడు రోజులు ఎత్తలేదు. టెన్షన్‌తో అన్నం తినబుద్ధి కాలేదు, దొంగ బండి కొన్నానేమో అని. నాలుగో రోజు వాళ్ల మేనేజరు ఫోన్ చేసి, రిసార్ట్ చేతులు మారిందని, పాత ఫైళ్లు వెతికి బిల్లు కాపీ, అమ్మకం కాగితం కొరియర్‌లో పంపాడు. నంబర్లు సరిపోయాయి. ఆ కవరు చింపి చూసినప్పుడు పడ్డ నెమ్మది బండి కొన్నరోజు కూడా పడలేదు. గొలుసు ముక్కలతో స్టేషన్‌కి పోయి కంప్లైంట్ ఇచ్చాను. తీసుకున్నారు, రశీదు ఇచ్చారు.

షెడ్డు వెనక, రోడ్డుకి కనపడని పక్క, దిమ్మె పోయించాం. ఒడిశా పిల్లలే తవ్వారు. రెండడుగుల గుంతలో అడుగున నీళ్లు ఊరాయి, తోడి పోసి కాంక్రీటు వేశాం. పది రోజులు తడిపి మొన్న శుక్రవారం బండి కట్టాం. గ్రేడ్ 80 గొలుసు నెల్లూరులో మూడు కొట్లు తిరిగితే దొరికింది. గొలుసు, మూసిన కొక్కెం తాళం, దిమ్మె అన్నీ కలిపి పది వేలు దాటలేదు. కిల్ వైరు స్విచ్ కావలి అన్న ఫోన్‌లో చెప్తుంటే మా ఏరేటర్ మెకానిక్ పెట్టాడు. ఎక్కడో రాయను. ట్రాకర్‌కి ఎయిర్‌టెల్ సిమ్ వేశాం, గట్టు మీద అదే నిలుస్తోంది.

చెవి మేకుకి తగిలించే పద్ధతి తీసేశాం. ఎవరు బండి తీస్తే వాళ్లు మేత పుస్తకంలోనే టైము రాసి తాత దగ్గర తీసుకోవాలి. రెండు రోజులు విసుక్కున్నారు, ఇప్పుడు అలవాటైంది.

తాతకి కొత్త ఫోన్ కొనిచ్చాను, పెద్ద బటన్లది. ఒకటి నొక్కితే నాకు, రెండు నొక్కితే 112. బయటికి రావొద్దని చెప్తే ఒప్పుకోవడానికి చాలా సేపు పట్టింది. నలభై ఏళ్లుగా కాపలా కాస్తున్నా, తలుపేసుకుని కూర్చోమంటావా అన్నాడు. బండి నాకు ఎంతో, నువ్వు అంతకన్నా ఎక్కువ తాతా అంటే ఇంకేం మాట్లాడలేదు.

అక్కా, గిన్నికోళ్ల పిల్లలు మీ వైపు ఎక్కడ దొరుకుతాయి?

---

మామిడితోట – ఆదివారం, రాత్రి 8.40

మా దగ్గరే ఉన్నాయి నాయనా, ఆరు వారాల పిల్లలు. ఎనిమిది ఇస్తాను, డబ్బులు వద్దు. పగలు వచ్చి తీసుకుపో, రాత్రి గంపలో పెడితే భయపడతాయి. మొదటి పది రోజులు షెడ్డులోనే మూసి ఉంచి అక్కడే మేత వెయ్యి, లేకపోతే తిరిగి రావు. తాతని కూడా వెంట తీసుకురా.

---

గుంటగట్టు – ఆదివారం, రాత్రి 8.52

బుధవారం రొయ్యల పట్టుబడి ఉంది. గురువారం పొద్దున ఇద్దరం వస్తాం అక్కా.